కాళ్ళు కడిగితే పెళ్ళయినట్టేనా

ఉజ్వల తుడిచిన నేల ఇంకా ఆరనే లేదు. దాని మీద నల్లటి బూటు గుర్తులు ఒకదాని వెంట ఒకటి పడుతూ పోయాయి. గుమ్మం దగ్గర మొదలై, బల్ల ముందుగా నడిచి, ఫోన్ ఉన్న అద్దాల గది దగ్గర ఆగాయి. ఆ గుర్తుల చివర ఒక పొడుగాటి మనిషి నిలబడి, జుట్టులోంచి వాననీళ్ళు దులుపుకుంటున్నాడు.

"గా దులుపుకునుడేదో బయట దులుపుకోరాదా?" అంది ఉజ్వల.

"బయట వాన గొడ్తుంది," అన్నాడతను.

అందులో అబద్ధమేమీ లేదు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

మహారాష్ట్రలో బొగ్గు గనుల ఊరు పద్మాపూర్. అక్కడ వాన పడితే నీళ్ళు రావు, బొగ్గు వస్తుంది. గని గట్ల మీదిది, లారీల మీదిది, రోడ్డు మీదిది అంతా కరిగి, నల్లటి బురదై, మనుషుల కాళ్ళకు అంటుకుని ఇళ్ళలోకి నడిచొస్తుంది. అలాంటి చోట కాలనీ గేటు పక్కన ఎస్టీడీ బూత్ పెట్టుకుని, దానికి తెల్ల టైల్సే వేయించాలని తండ్రి రాజలింగుతో కొట్లాడి గెలిచింది ఉజ్వల. గెలిచినప్పటి నుంచి ఆమె చేతిలో బకెట్టు దిగడం లేదు.

"బూట్లు బయట విడిచి రావాలె. బోర్డు కనబడ్తలేదా?"

అతను వెనక్కి తిరిగి బోర్డు చూశాడు. "తెలుగుల ఉంది. నేను మరాఠీ మీడియం. మాట్లాడుడే వస్తది, సదువుడు రాదు."

"దాని కింద మరాఠీల గూడ ఉంది."

"ఉంది. 'కృపయా' అని ఉంది. గంత మర్యాదగ రాసిండ్రు, విడువకున్నా ఏమనరనుకున్న."

నిజానికి ఆ తెలుగు అక్షరాలు ఉజ్వలవి కావు. చర్చి అయ్యగారిని బతిమాలి రాయించుకున్నవి. ఆమెదీ మరాఠీ మీడియమే. కానీ ఆ సంగతి ఈ మనిషికి చెప్పాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

అతను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వేసుకున్నా ఒకటే, వేసుకోకున్నా ఒకటే అని మరుక్షణమే తెలిసింది.

"అవ్వా. నేనే. నేనే అంటున్న. ఆ, తిన్న. ఏం తిన్ననా? వంకాయ. వంకాయనే. లేదు, కారం తక్కువనే ఏసుకున్న."

రాజురాలో ఉన్న అతని తల్లికి చెవులు సరిగ్గా వినబడవు. పక్కనున్న కిరాణా దుకాణానికి వచ్చి ఫోన్ పట్టుకుంటుంది. ఆమెకు వినబడాలని అతను అరుస్తాడు. ఆమెకు వినబడిందో లేదో గాని, బూత్ బయట తమ వంతు కోసం నిలబడ్డవాళ్ళందరికీ అతని వంకాయ కూరలో కారమెంతో తెలిసిపోయింది.

మాటలయ్యాక బయటికి వచ్చి, మూలనున్న తుడుపు గుడ్డ తీసుకుని, తన గుర్తులను తానే వెనక్కి వెనక్కి తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. ఉజ్వల నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"విడిస్తే అయిపోయేదానికి ఈ తుడుచుడేంది?"

"నాయి సున్నితం కాళ్ళు. చలి పెడ్తయి," అని గుడ్డను మళ్ళీ దాని చోట పెట్టి వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం అదే తంతు. వానలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండ వచ్చింది. చంద్రాపూర్ ఎండ సంగతి చెప్పేదేముంది, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే కాలం. అప్పుడు కూడా అతను బూట్లతోనే లోపలికి వస్తాడు, చలి అంటాడు, తుడిచి వెళ్తాడు. మొండితనానికి ఒక హద్దుండాలని ఉజ్వల చాలాసార్లు అనుకుంది. ఆదివారం ఐదు దాటినా అతను రాకపోతే గుమ్మం వైపు చూడడం కూడా అలవాటైంది. దాన్ని ఆమె కోపం కిందే లెక్క వేసుకుంది.

అతని అరుపుల పుణ్యమా అని అతని గురించి ఆమెకు తెలియనిది లేదు. గని మీద మట్టి తీసే కంట్రాక్టు కంపెనీలో డంపర్ నడుపుతాడు. తండ్రి లేడు. పాలు పడవు. దోమతెర కొన్నాడు. తెలియనిది పేరొక్కటే. కన్నతల్లికి ఎవరూ తన పేరు చెప్పుకోరు కదా. అందుకని ఉజ్వల అతన్ని మనసులో "బూట్లాయన" అనే పిలుచుకునేది.

కాలనీ చివర రేకుల కప్పు చర్చిలో అతను చివరి బెంచీలో కూర్చునేవాడు. ఆ బెంచీకి చెప్పుల వరుస అని పేరు. అందరూ చెప్పులు విడిచే చోటు దాని పక్కనే. కంట్రాక్టు కుర్రాళ్ళు డ్యూటీ మీద నుంచి నేరుగా వస్తారు, ఒళ్ళంతా బొగ్గు, ఎవరికీ తగలకుండా అక్కడ సర్దుకుంటారు. ముందు బెంచీ సంఘ పెద్దలది. పెద్దలంటే గనిలో పర్మినెంటు ఉద్యోగాలున్నవాళ్ళు. ఇలా కూర్చోవాలని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే ఏర్పడిపోయింది.

ఆరాధన అయ్యాక అందరూ ఒకరికొకరు "వందనాలు" చెప్పుకుని చేతులు కలుపుతారు. రాజలింగు సంఘ పెద్ద, పైగా యూనియన్ మనిషి. ముందు బెంచీ నుంచి మొదలుపెట్టి వరసగా అందరి చేతులూ పట్టుకుంటాడు. చెప్పుల వరుస దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి ప్యాంటు జేబులోకి పోతుంది.

"బాపు, గక్కడికి పోంగనే చెయ్యి జేబుల పెట్టుకుంటవేంది?" అని ఒక ఆదివారం ఉజ్వల అడిగేసింది.

"జేబుల దస్తీ ఉంది, చెమట తుడ్చుకోనీకి."

"చెమటనే లేదు గద."

"బిడ్డా, గా కంట్రాక్టోళ్ళు మన నోట్లె మన్ను గొట్టనీకి వచ్చిండ్రు. నేను తట్టలు మోసిన గని ఇది. రేపు మిషిన్లు దించి మమ్ములందరిని ఇంట్ల కూసోమంటరు. గా పొడుగు కంట్రాక్టు ఉన్నడు సూడు, వాడు నడిపే బండి ఒక్కటి చాలు, ఇరవై మంది పగార్ బందు."

"గది కంపెనీ జేసేది. ఆయనేం జేసిండు?"

"ఎవలో ఒకలు జేసిండ్రు గద," అని రాజలింగు అన్నం ముందుకు లాక్కున్నాడు. తల్లి సారక్క ఇంకో గరిటె పప్పు వేసి, ఇక చాలన్నట్టు కూతురి వైపు చూసింది.

ఈ జేబులో చెయ్యిని ఇంకొకరు కూడా చూస్తున్నారు. అయ్యగారు అనంతరావు మెత్తటి మనిషి. గొంతు పెంచడం తెలియదు. కానీ ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ప్రసంగం ముగించి, కళ్ళజోడు తుడుచుకుంటూ ఒక మాట అన్నారు.

"వచ్చే గురువారం పాదాలు కడిగే ఆరాధన ఉన్నది. ప్రతి ఏడు పెద్దలే పెద్దల కాళ్ళు కడుగుతున్నరు. ఇంటి నుంచి సబ్బు పెట్టి రుద్దుకుని వస్తున్నరు. నీళ్ళు ఎంత తెల్లగ పోసినమో అంత తెల్లగనే పళ్ళెంల ఉంటున్నయి. ఈసారి ముందు బెంచీ వాళ్ళు లేచి చివరి బెంచీ వాళ్ళ పాదాలు కడుగుతరు. మగవాళ్ళు మగవాళ్ళకు, స్త్రీలు స్త్రీలకు. కడిగే ముందు పేరు అడగాలె."

ముందు బెంచీలో దగ్గులు వినిపించాయి. రాజలింగు చెయ్యి కూర్చున్న చోటే జేబులోకి పోయింది.

గురువారం సాయంత్రం వచ్చింది. ఉజ్వల పాటలు పాడే బృందంలో ఉంది కాబట్టి ఆడవాళ్ళ వైపు ముందు బెంచీలో కూర్చుంది. తెలుగు పాటలు మరాఠీ అక్షరాల్లో రాసుకున్న కాగితం చూసి పాడింది, లేచింది, చెంబూ పళ్ళెమూ తువ్వాలూ తీసుకుని చివరి బెంచీకి నడిచింది. ఆమె వంతుకు వచ్చిన కాళ్ళు ఆగమ్మవి.

కాలనీకి కేబుల్ టీవీ ఆ ఏడే వచ్చింది. అంతకుముందు ఇంటింటికీ వార్తలు చేరవేసే పనంతా ఆగమ్మే చూసుకునేది. ఇప్పుడూ మానలేదు. ఆరాధన మధ్యలో ఎవరొచ్చారో ఎవరు పోయారో చూడాలని ఏళ్ళ తరబడి గుమ్మం పక్క బెంచీనే పట్టుకుని కూర్చుంటోంది.

"నీ పేరేంది పెద్దమ్మా?" అంది ఉజ్వల, అయ్యగారు చెప్పారు కాబట్టి.

"నీ బొడ్డు గోసిన నాడే నేనున్న. ఇప్పుడు పేరడుగుతున్నవా?" అని ఆగమ్మ కాలు పళ్ళెంలో పెట్టింది గాని, కళ్ళు మాత్రం నడవా అవతల మగవాళ్ళ వైపే ఉన్నాయి. ఉజ్వల కూడా తలెత్తి అటే చూసింది.

అవతల రాజలింగు నడుముకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఎదురుగా బూట్లాయన కూర్చున్నాడు. రాజలింగు ఒక మనిషి పక్కకు జరుగుదామని చూశాడు. అక్కడ ఇంకో సంఘ పెద్ద గట్టయ్య అప్పటికే పళ్ళెం పెట్టేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేరే దారి లేదు.

"బూట్లు ఇడువు," అన్నాడు రాజలింగు.

"వద్దు కాకా. పైనుంచే జెర్రన్ని నీళ్ళు చల్లుండ్రి, చాలు."

"ఏం, మేం కడుగుడు నీకు పనికిరాదా?"

"గట్ల గాదు."

"గట్ల గాకపోతే ఇడువు."

చర్చి అంతా వాళ్ళ వైపే చూస్తోంది. అతను తల వంచుకుని లేసులు విప్పాడు. బూటు సులువుగానే వచ్చింది, మేజోడు రాలేదు. మడమ దగ్గర అతుక్కుపోయింది. పళ్ళ బిగువున లాగాడు. కింద చర్మం లేదు. పాత పుండు మీద కొత్త పుండు, వేళ్ళ మధ్య కూడా అదే, బొగ్గుపొడి అందులో ఇంకిపోయి ఉంది.

ఉజ్వల చేతిలో ఆగమ్మ కాలు అలాగే ఉండిపోయింది. చలి అన్నాడు. వానాకాలం నుంచి ఏప్రిల్ దాకా చలి అన్నాడు. ఈ పుండ్లు తెల్ల టైల్స్ మీద పెట్టి చూపించడం ఇష్టం లేక ఇన్నాళ్ళూ నేల తుడిచాడు. ఆమె మాత్రం మొండితనం అనుకుంది.

రాజలింగు బూటు చేతిలోకి తీసుకుని తిరగేశాడు.

"సైజెంత?"

"గిది పదకొండు."

"నీ సైజు?"

"తొమ్మిది. స్టోర్ల గిదే ఉందట. ఏసుకుంటే ఏసుకో, లేకుంటే గేటు అవతలికి పో అన్నరు."

రాజలింగు బూటు కింద పెట్టాడు. చిన్నప్పుడు బొగ్గు తట్టలు మోసినప్పుడు ఆయన కాళ్ళకు అసలు బూట్లే లేవు. ఆ సంగతి ఉజ్వలకు కథలాగా ఎన్నోసార్లు చెప్పాడు. ఇప్పుడు ఆయన మోకాళ్ళు తమంతట తామే వంగాయి. నీళ్ళు పోశాడు. పళ్ళెం నల్లబడింది. ఆ నీళ్ళు పారబోయించి ఇంకో చెంబు అడిగాడు. వేలి చివరతో, పుండ్లకు తగలకుండా, చుట్టూ కడిగాడు. కడిగి తువ్వాలుతో అద్దాడు. ఆ తర్వాత జేబులో చెయ్యి పెట్టాడు. అందులో నిజంగానే దస్తీ ఉంది. దాన్ని నిలువుగా మడిచి అతని మడమకు కట్టాడు.

"పేరేంది?" అన్నాడు అప్పుడు. ముందడగాల్సింది చివర అడిగాడు.

"ప్రశాంత్."

ఉజ్వల ఆ పేరు మొదటిసారి అలా విన్నది. కళ్ళు చెమ్మగిల్లాయి. అయ్యగారు ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నారు.

సరిగ్గా అప్పుడు, ఉజ్వల చేతిలో కాలు పెట్టుకుని కూర్చున్న ఆగమ్మ, ముందు వైపున్న సారక్కకు వినబడేలా అంది. "ఓ సారక్కా, జూసినవా. నీ మొగడు అల్లుని కాళ్ళు గడిగిండు, తుడిచిండు, దస్తీ గూడ కట్టిండు. ఇగ పెండ్లికి తక్కువైందేముంది?"

వాళ్ళవాళ్ళలో పెళ్ళంటే పిల్ల తండ్రి పిల్లవాడి కాళ్ళు కడగడమే. చర్చికి రావడం మొదలుపెట్టి తరం దాటినా, ఉంగరాలు మార్చుకోవడం చర్చిలో, కాళ్ళు కడగడం ఇంటి ముందు పందిట్లో, రెండూ జరిపించుకునే వస్తున్నారు. ఇన్నేళ్ళూ గురువారం నాడు కడిగినవాళ్ళూ కడిగించుకున్నవాళ్ళూ మనవలున్న పెద్దమనుషులే కాబట్టి ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. పెళ్ళీడు కూతురున్న తండ్రి పెళ్ళికాని పిల్లవాడి ముందు పళ్ళెం పెట్టుకుని వంగితే ఏమవుతుందో అయ్యగారికి తట్టలేదు. ఇప్పుడు తట్టి, మూసిన కళ్ళు మూసినట్టే ఉంచారు.

రాజలింగు చెవులు ఎర్రబడ్డాయి. ప్రశాంత్ దస్తీ కట్టిన కాలు బెంచీ కిందికి లాక్కున్నాడు. తన పెళ్ళి చేసేసిన ఆ ముసలమ్మ రెండో కాలు ఉజ్వల ఇంకా కడగాల్సి ఉంది. పొరుగువారిని ప్రేమించడం ఎంత కష్టమో ఆ రెండో కాలు దగ్గర ఆమెకు బాగా తెలిసొచ్చింది.

మర్నాడు గుడ్ ఫ్రైడే ఆరాధన పొడుగ్గా సాగింది. మధ్యలో నీళ్ళు తాగడానికి లేచినవాళ్ళందరూ సారక్క చుట్టూ చేరారు.

"మంచి పిల్లగాడే. పొడుగున్నడు."

"తారీఖు అనుకున్నరా? ఎండలు తగ్గినంక పెట్టుకోండ్రి."

"మాకేం తెల్వదమ్మా," అంది సారక్క. అంటూనే ప్రశాంత్ వైపు ఒకసారి బాగా చూసింది. ఉజ్వల అది కూడా గమనించింది.

బూత్‌కు ఫోన్ చేయడానికి వచ్చినవాళ్ళు నంబరు చెప్పే ముందు "ఏం ఉజ్వలా, కాయ్ ఝాలం" అంటూ, మరాఠీలో ఏమైందని ఒక పలకరింపు, దాని వెనక ఒక నవ్వు. వాళ్ళకు బిల్లు చించి ఇవ్వడంలో ఉజ్వల కాగితం సగానికి చింపేసింది.

శనివారం పరిస్థితి ఇంకా పాడైంది. రాజలింగు తనకు గని నుంచి వచ్చిన కొత్త సేఫ్టీ బూట్లు, ఇంకా పెట్టెలోనే ఉన్నవి, చంకలో పెట్టుకుని పట్టపగలు కంట్రాక్టు కుర్రాళ్ళ గుడిసెలకు వెళ్ళి ప్రశాంత్ చేతికిచ్చి వచ్చాడు. ఆయన సైజూ తొమ్మిదే. దారిలో యూనియన్ ఆఫీసు దగ్గర ఆగి, కంట్రాక్టోళ్ళ బూట్ల సంగతి సోమవారం మీటింగులో తేల్చాలని గట్టయ్యతో గట్టిగా చెప్పి మరీ వచ్చాడు. ఆగమ్మకు ఆ రెండో ముక్క వినబడలేదు.

"అల్లునికి బూట్లు గూడ పెట్టిండు," అని సాయంత్రానికి కాలనీ అంతా తెలిసింది.

"గవి సేఫ్టీ బూట్లే ముసల్దానా," అని రాజలింగు వీధిలో నిలబడి తల పట్టుకున్నాడు. "డ్యూటీల ఏసుకునే బూట్లు. పెండ్లి బూట్లు గావు."

"నేనేమన్న అన్ననా? పెట్టినవ్, పెట్టినవన్న," అంది ఆగమ్మ. ఆ తర్వాత బూత్ గుమ్మం మీద కూలబడి, చీర కొంగుతో విసురుకుంటూ ఉజ్వలకు అసలు వార్త చెప్పింది. "అయినా ఏం లాభం బిడ్డా. పిల్లగాడు పోతుండట. ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీ కాడ గీ కంపెనీదే ఇంకో పని ఉందట, నన్ను గక్కడికి పంపుండ్రి అని అడిగిండట. సోమవారం పోవుడే."

"ఎందుకు?"

"నీ పేరు ఖరాబైతదని. మంచోడే."

ఆగమ్మ వెళ్ళాక ఉజ్వల బకెట్టులో నీళ్ళు నింపింది. నేల శుభ్రంగానే ఉంది. అయినా తుడిచింది. రేపటి తర్వాత ఏ ఆదివారం సాయంత్రం ఐదింటికీ ఈ నేల మీద నల్లటి గుర్తులు పడవు. అరుస్తూ వంకాయ అనే మనిషి ఉండడు. ఆమెకు అతనంటే ఇష్టం. ఇన్నాళ్ళూ కోపం అనుకున్నది అదే. సరే, తెలిసింది. తెలిసీ ఏం లాభం? కాలనీ అంతా ఆమెకు పెళ్ళి చేసేసింది, అతనేమో ఆ పెళ్ళి నుంచి ఆమెను కాపాడడానికి మూట కట్టుకుంటున్నాడు. ఇందులో ఎక్కడా ఉజ్వల అనే మనిషి లేదు. చేసేవాళ్ళూ అడగలేదు, కాపాడేవాడూ అడగలేదు. ఆమెకు ఏడుపు వచ్చింది, దాని కంటే ఎక్కువగా చిరాకు వచ్చింది. గుడ్డ పిండి గోడకేసి కొట్టింది.

ఈస్టర్ ఆదివారం చర్చి నిండిపోయింది. పాటలయ్యాయి, ప్రసంగమయ్యింది. "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉంటే ముందుకు రండి," అన్నారు అయ్యగారు. మామూలుగా జ్వరాలు తగ్గినవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు లేస్తారు. ఆ పూట ఉజ్వల లేచింది.

"దేవునికి స్తోత్రం. అందరికి వందనాలు," అంది. మైకు కీచుమంది. "నా సాక్ష్యం చిన్నదే. గురువారం మా బాపు ఒక మనిషి కాళ్ళు గడిగిండు. గా కాళ్ళ నిండ పుండ్లున్నయి. చర్చిల గింత మంది ఉన్నరు, పుండ్లు జూసినోళ్ళు ఎంత మంది? ఎవల్లేరు. అందరు పెండ్లి జూసిండ్రు."

ఆడవాళ్ళ వైపు ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"యేసు ప్రభువు గూడ శిష్యుల కాళ్ళు గడిగిండు. ఎవల్నన్న అల్లున్ని జేసుకున్నడా? కాళ్ళు గడుగుడంటే నువ్వూ మనిషివే అని చెప్పుడు. గంతే. గది చెప్పినందుకు మా బాపు మూడు దినాల సంది వీధిల తలెత్తుకుంట లేడు. మూడు దినాల సంది మా బాపునడిగిండ్రు, మా అవ్వనడిగిండ్రు, తారీఖడిగిండ్రు. నీకు ఇష్టమేనా బిడ్డా అని నన్ను ఒక్కలన్న అడిగిండ్రా? నేను మనిషిని గానా?"

ఉజ్వల చివరి బెంచీ వైపు చూసింది.

"గాయన గూడ తక్కువేం గాదు. నా పేరు ఖరాబైతదని ఆవర్‌పూర్ పోతడట. నా పేరు నాది. ఖరాబైతదో బాగుపడ్తదో నేను జూసుకుంట. నన్నడుగకుంట పెండ్లి జేసేటోళ్ళకు, నన్నడుగకుంట పోయేటోళ్ళకు నాకైతే ఫరక్ కనబడ్తలేదు." ఇక్కడ ఆమె గొంతు కొంచెం తగ్గింది. "నాది గూడ తప్పుంది. వానకాలం సంది మా బూత్‌కు వస్తుండు. బూట్లు విడువుమని ప్రతి వారం అన్న. ఎందుకు విడుస్తలేవని మనసు పెట్టి ఒక్కసారి అడగలే. పేరు గూడ అడగలే. గందుకు క్షమించమంటున్న. నా సాక్ష్యం అయిపోయింది."

ఆమె వచ్చి కూర్చుంది. ఆమెన్ అనాలో వద్దో తెలియక అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేనడుగుత బిడ్డా," అని గుమ్మం దగ్గర్నుంచి ఆగమ్మ లేచింది. "నీకు ఇష్టమేనా?"

"నువ్వడిగితే నేను జెప్ప పెద్దమ్మా," అంది ఉజ్వల వెనక్కి తిరగకుండానే. అప్పుడు చర్చి మొత్తం ఘొల్లుమంది. అయ్యగారు కూడా నవ్వారు.

ఆరాధన అయ్యాక రాజలింగు ముందు బెంచీ నుంచి లేచాడు. ఈసారి నేరుగా చివరి బెంచీకి నడిచాడు. జేబులు రెండూ ఖాళీ, దస్తీ ఇంకా తిరిగి రాలేదు. ప్రశాంత్ ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"వందనాలు ప్రశాంత్," అన్నాడు. ఆ పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు, పేరడిగాడు. ఆ పక్కవాడిదీ అడిగాడు. చెప్పుల వరుస చివరి దాకా అలాగే వెళ్ళాడు. ఉజ్వల దూరం నుంచి తండ్రిని చూసి, మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకుంది.

ప్రశాంత్ మాత్రం ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఐదయింది. ఆకాశం ఒక్కసారిగా నల్లబడి, గాలి దుమారం లేచి, వేళకాని వాన మొదలైంది. బూత్‌లో ఎవరూ లేరు. ఉజ్వల బల్ల వెనక కూర్చుని గుమ్మం వైపు చూడకూడదని నిశ్చయించుకుని, గుమ్మం వైపే చూస్తోంది. ఐదుంపావయింది. మనిషి రాలేదు. అన్నేసి మాటలన్నాక ఎందుకొస్తాడు, మూట సర్దుకుంటూ ఉంటాడు అనుకుంది.

ఫోన్ మోగింది. అక్కడి నుంచి ఫోన్లు పోవడమే గాని రావడం తక్కువ. తీసింది.

"హలో. ఉజ్వల ఉన్నరా?"

ఆ గొంతు రిసీవరులోంచే కాక రోడ్డు అవతలి నుంచి కూడా వినిపించింది. ఉజ్వల తలెత్తి చూసింది. రోడ్డుకు ఆ పక్కన ఈ మధ్యే తెరిచిన ఇంకో బూత్ ఉంది. దాని అద్దాల గదిలో పొడుగాటి మనిషి, చెవికి రిసీవరు, కాళ్ళకు కొత్త బూట్లు. వానకు భయపడి ఆ బూత్ చూరు కింద సగం కాలనీ నిలబడి ఉంది. అందులో ఆగమ్మ కూడా ఉంది.

"గక్కడి నుంచి ఫోనేంది?" అంది.

"ఎదురుంగ నిలబడి అడిగితే అందరు వింటరు. ఎవలికి వినబడకుంట అడుగుదామని," అని అరిచాడు ప్రశాంత్. చూరు కింద వాళ్ళందరూ అద్దాల గది వైపు తిరిగారు.

"అరువకుండ్రి. నాకు చెవులు వినబడ్తయి. మీ అవ్వను గాను నేను."

"అలవాటైంది," అన్నాడు, ఇంకా అరుస్తూనే. "జూడుండ్రి. మీరంటే నాకు ఇష్టం. శానా దినాల సంది. మీకు నేనంటే ఇష్టమేనా? ఇష్టం లేదంటే రేపు పోత. ఇష్టమైతే పోను."

ఇది కూడా సరిగ్గా అడగడం రాలేదు ఈ మనిషికి. ఉజ్వల కళ్ళు మూసుకుంది.

"పోవుడు ఉండుడు నీ ఇష్టం. గది నా మీద పెట్టకు. ఒక్కటే అడుగు."

అద్దాల గదిలో అతను చూరు కింద వాళ్ళకు వీపు తిప్పాడు. తర్వాత అతని గొంతు తగ్గింది. మొదటిసారి అది ఫోన్‌లోంచి మాత్రమే వచ్చింది.

"ఉజ్వలా, నేనంటే నీకు ఇష్టమేనా?"

మొత్తానికి ఒకడు అడిగాడు. అడుగుతాడని ఎదురు చూసిన మాటే అయినా, వినేసరికి ఉజ్వల రిసీవరును రెండు చేతులా పట్టుకుంది.

"అవును," అంది మెల్లగా.

అదే సమయానికి బొగ్గు లారీ ఒకటి రోడ్డు మీద నుంచి గడగడమంటూ పోయింది.

"ఏంది? వినబడలే," అన్నాడు ప్రశాంత్.

"అవును."

"ఆ?"

"అవునంటున్న. ఇష్టమే అంటున్న," అని ఉజ్వల అరిచింది. లారీ అప్పటికే వెళ్ళిపోయింది. ఆ మాట బూత్ దాటి, వాన దాటి, రోడ్డవతల చూరు కింద ఉన్న సగం కాలనీకి చక్కగా చేరింది.

"నేను గురువారమే జెప్పలే?" అంది ఆగమ్మ పక్కనున్నవాళ్ళతో.

ప్రశాంత్ రిసీవరు పెట్టేసి, బిల్లు కూడా తీసుకోకుండా వానలోకి దిగాడు. నల్లటి బురదలో పెద్ద పెద్ద అడుగులు వేస్తూ రోడ్డు దాటాడు. రాజలింగు ఇచ్చిన బూట్లు బురదలో మునిగి రంగు తెలియకుండా పోయాయి. ఉజ్వల లేచి నిలబడింది. నేల పొద్దుటి నుంచి తుడిచి తుడిచి తళతళలాడుతోంది.

"గట్లనే రా. ఏం గాదు," అంది ఆమె. "నేల మళ్ళ తుడుచుకోవచ్చు."

అతను గుమ్మం దగ్గర ఆగాడు. బోర్డు వైపు ఒకసారి చూసి, వంగి, లేసులు విప్పి, బూట్లు రెండూ గోడ పక్కగా పెట్టాడు. మడమకు రాజలింగు దస్తీ ఉంది, ఉతికి మళ్ళీ కట్టుకున్నది. దాచుకోకుండా ఆ కాలే ముందు లోపల పెట్టాడు.